పెట్టెకు చెప్పిన ఎత్తు

మా ఇల్లుబండిలో ఒకే ఒక్క చట్టం ఉంది. దారి చెప్పేవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. మిగతావాళ్ళు వెనక, పొయ్యికీ మంచానికీ మధ్య ఉన్న బల్ల మీద సర్దుకోవాలి. ఈ చట్టం పెట్టింది మా ఆయనే, ఆరేళ్ళ కిందట, బండి మా చేతికి వచ్చిన రోజున. దారి చెప్పేది నేను. కాబట్టి ఆరేళ్ళుగా ముందు సీటు నాది.

ఇల్లుబండి అని మేం పెట్టుకున్న పేరు. పొడుగాటి వ్యాను. లోపల మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్, తిరిగితే మోచేతులు గోడలకు తగిలే బాత్రూం. రిటైరయ్యాక ఇల్లు తాళం వేసి నెలకు పదిహేను రోజులు ఇందులోనే తిరుగుతాం. ఇంట్లో ఆయన పేపరు చదువుకుంటారు, నేను నా పని చేసుకుంటాను, పొద్దుటి నుంచి రాత్రి దాకా మా మధ్య పట్టుమని పది మాటలు ఉండవు. బండి ఎక్కితే ఆయన ప్రతి రెండు నిమిషాలకూ నా వైపు తిరిగి "ఇప్పుడెటు?" అని అడుగుతారు. ఆ సీటంటే నాకు అంత పిచ్చి ఎందుకో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

నేను ఇరవై ఆరేళ్ళు లారీ ఆఫీసులో రూట్లు వేశాను. ఏ లారీ ఏ దారిన పోవాలి, ఏ వంతెన కింద నుంచి పోగలదు, ఏ సందులో ఇరుక్కుంటుంది, అన్నీ నేనే రాసిచ్చేదాన్ని. డ్రైవర్లు నన్ను మ్యాపక్క అనేవారు. మా ఆయన పళ్ళ సెట్లు తయారుచేసేవారు. కుడీ ఎడమా ఆయనకు నోట్లో అయితే బాగా తెలుసు, రోడ్డెక్కితే తెలియదు.

నా దగ్గర నీలం అట్ట నోటుపుస్తకం ఒకటి ఉంది. మేం తిరిగిన ప్రతి దారీ అందులో రాశాను. మలుపులు, వంతెనల ఎత్తులు, నీళ్ళు పట్టుకునే చోట్లు, బండి పెట్టనిచ్చే బంకులు. డ్రైవర్లు స్టీరింగు మీద పెట్టుకుని చదువుకునేలా రాయడం అలవాటు కాబట్టి అక్షరాలు గుండ్రంగా, విడివిడిగా ఉంటాయి. అంచుల్లో మాత్రం సన్నగా నా సొంత సంగతులు కూడా రాసుకునేదాన్ని. నా పుస్తకం ఇంకెవరు చదువుతారులే అని.

ఇక మా వదిన. మా ఆయనకు అక్క, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. ఏడాదిగా మాతోనే తిరుగుతోంది. ఆవిడకు ఉక్కపోత పడదని ఈ వేసవిలో బండి పైకప్పుకు ఏసీ పెట్టించాం. దాంతో ఊరుకుందా? వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతోందని మొదలుపెట్టింది. "ముందు కూర్చుంటే నాకు హాయిగా ఉంటుంది తమ్ముడూ" అని రోజుకు నాలుగుసార్లు. ఆయన నవ్వి, "దారి చెప్పగలవా అక్కా?" అనేవారు. అక్కడితో వదిన నోరు మూతపడేది. నా కడుపు చల్లబడేది.

పోయిన నెల ఆ చల్లదనం కాస్తా ఆవిరైంది. ఒక ఊళ్ళో మార్కెట్ వీధి గుండా దారి చెప్పాను. మూడేళ్ళ కిందట అదే వీధిలో హాయిగా వెళ్ళాం. ఈమధ్య దాన్ని వన్‌వే చేశారని నాకెలా తెలుస్తుంది? కూరగాయల బళ్ళ మధ్య ఇరుక్కున్నాం. ముందు నుంచి వచ్చేవాళ్ళంతా తిట్టేవాళ్ళే. ఆయన చెమటలు కక్కుకుంటూ వీధి పొడుగునా వెనక్కి తీశారు. ఒక అద్దం విరిగింది. వదిన ఆ విరిగిన అద్దం ముక్క ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"మరదలి వయసు కూడా అరవై దాటింది కదా. పాపం ఎన్నని గుర్తుంటాయి? దారి చెప్పే పెట్టె ఒకటి కొనెయ్ తమ్ముడూ" అంది. పాపం అన్న మాట వదిన నోట్లోంచి వస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడే ముగ్గురం షాపుకు వెళ్ళాం. షాపాయన బట్టతల మనిషి, ఓపికమంతుడు. బల్ల మీద రెండు పెట్టెలు పెట్టాడు.

"ఇది కార్లకండి. దగ్గరి దారి చూపిస్తుంది, అంతే. మీ బండికి ఇది పనికిరాదు. ఈ రెండోది పెద్ద బళ్ళకి. మీ బండి ఎత్తు, వెడల్పు, బరువు ఒక్కసారి చెప్పేస్తే చాలు, మీకు పట్టని వంతెన కిందకీ ఇరుకు సందుల్లోకీ పంపదు. సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది."

"నేనూ పంపను" అన్నాను.

మా ఆయన ఏ మూడ్‌లో ఉన్నారో, "అయితే పందెం వేద్దామా?" అన్నారు. షాపాయన్ని ఒక ఊరి పేరు చెప్పమన్నారు. అతను చెప్పాడు. పెట్టె ఇంకా గిరగిరా ఆలోచిస్తుండగానే నేను దారంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేశాను. ఎనిమిది మలుపులు, రెండు వంతెనలు. షాపులో ఉన్న ఇద్దరు ముగ్గురు ఇటు తిరిగి చూశారు. పెట్టె మీద కూడా అదే దారి వచ్చింది. నాకు ఆనందం ఆగలేదు. అంతలో తెర మీద ఎర్ర గీత ఒకటి వెలిగింది. నాలుగో మలుపు దగ్గర పైపులు వేస్తున్నారట, ఇవాళ రోడ్డు మూసేశారట. పెట్టె తాపీగా ఇంకో దారి చూపించింది.

వదిన చప్పట్లు కొట్టింది. నిజంగానే కొట్టింది, బహుమతుల రోజున పిల్లలకు కొట్టినట్టు. "నీ పుస్తకంలో ఇవాళ్టి సంగతి ఉందా మరదలా?"

తర్వాత గొంతు ఎంచుకోవాలన్నారు. ఆడ గొంతులు అయిదు ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటీ పెట్టించుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని విన్నారు. మూడోది విని, "ఇది బాగుంది. తప్పు తిరిగినా విసుక్కోదు, అలగదు" అన్నారు. షాపాయన మర్యాదకు నవ్వాడు. వదిన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేను కౌంటర్ మీద పెట్టెల తీగలు సర్దుతూ నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది.

"ఇక నువ్వు హాయిగా వెనక నడుం వాల్చు" అన్నారు ఆయన. మంచి మాట చెప్పాననే అనుకున్నారు.

అప్పుడు షాపాయన పెట్టె తెరిచి, "బండి కొలతలు చెప్పండి" అన్నాడు.

"అవన్నీ మా ఆవిడకి నోటికొచ్చు" అన్నారు ఆయన. చూశారా, అప్పటికీ నన్నే అడిగారు.

వెడల్పు చెప్పాను. పొడవు చెప్పాను. బరువు చెప్పాను. ఎత్తు దగ్గర ఒక్క క్షణం ఆగాను. బండి కాగితాల్లో ఎత్తు రెండు మీటర్ల డెబ్బై. ఏసీ బిగించిన రోజున నేనే నిచ్చెన ఎక్కి టేపు పెట్టి కొలిచాను. రెండు తొంభై ఎనిమిది. ఆ విషయం నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

"రెండు డెబ్బై" అన్నాను. అబద్ధం కాదు. కాగితంలో అలాగే ఉంది.

నేను చెడ్డదాన్నే, కాదనను. కానీ బండి పాడు చెయ్యాలని కాదు. ఏదో ఒక రోజు ఆ పెట్టె మమ్మల్ని తక్కువ ఎత్తు వంతెన కిందకి పంపుతుంది. సరిగ్గా వంతెన ముందు నేను "ఆపండి" అంటాను. బండి ఆగుతుంది. వాళ్ళిద్దరూ తల పైకెత్తి చూస్తారు. నా సీటు నాకొస్తుంది. నా లెక్క ఇది.

బయల్దేరిన రోజున వదిన ముందు సీటు ఎక్కి, నేను ఆరేళ్ళుగా సర్దుకున్న దిండు తీసి వెనక్కి విసిరింది. పెట్టె మాట్లాడింది. ఆయన తిప్పారు. "ఇప్పుడెటు?" అని అడగాల్సిన పనే లేకపోయింది. వెనక కూర్చుని ఉక్రోషం పట్టలేక నేను రెండుసార్లు అరిచాను, అటు కాదు ఇటు దగ్గర అని. రెండుసార్లూ పెట్టెదే కరెక్టయింది. "అది చెప్తోంది కదా, నువ్వు కాసేపు ఊరుకో" అన్నారు ఆయన, రెండోసారి కాస్త గట్టిగా.

నాలుగో రోజు మధ్యాహ్నం పెట్టె ఎడమకు తిప్పమంది. కిటికీలోంచి గోధుమరంగు గోడౌన్ కనబడగానే ఆ దారి ఏదో నాకు తెలిసిపోయింది. గోడౌన్ తర్వాత సిమెంటు కొట్టు, సిమెంటు కొట్టు దాటగానే రైలు వంతెన. దాని ఎత్తు రెండు ఎనభై. బల్ల మీంచి లేచి నిలబడ్డాను. భయమో సంబరమో చెప్పలేను.

వంతెన మీద బోర్డు ఆయన కూడా చూశారు. "రెండు ఎనభై. మనది రెండు డెబ్బై. పది సెంటీమీటర్లు ఖాళీ ఉందక్కా. అందుకే పంపింది" అని పెట్టెను మెచ్చుకున్నారు. వేగం కొంచెం కూడా తగ్గించలేదు.

"ఆపండి!" అని అరిచాను.

"మళ్ళీ మొదలెట్టింది. నువ్వు పోనీరా" అంది వదిన.

"ఏవండీ, ఆపండి!"

ఏసీ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే ఆయన కాలు బ్రేకు మీద పడేది. కానీ ఆ మాట అంటే, ముందే తెలిసి ఊరుకున్నానని కూడా తేలిపోతుంది. మింగేశాను.

పైకప్పు చీలిన చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఏసీ ఊడి వెనక రోడ్డు మీద పడింది. గిన్నెల అర తెరుచుకుని నా మీద కురిసింది. పెట్టె దాన్ని బిగించిన కాడతో సహా ఊడి, వదిన నుదుటికి తగిలి, కింద పడి తెర పగిలింది. బండి వంతెన దాటి ఆగింది. నెత్తిన పరుపంత ఆకాశం కనబడింది.

ఆయన పరిగెత్తుకుని వెనక్కి వచ్చారు. అక్క నుదుటి మీద బొప్పి కడుతున్నా ముందు నా దగ్గరికే వచ్చారు. "దెబ్బ తగిలిందా? ఏదీ చూపించు. ఏసీ సంగతే మర్చిపోయానే... నువ్వు ఆపమంటూనే ఉన్నావు. నాదే తప్పు." నా జుట్టులోంచి గాజుపెంకు ఏరి తీశారు. "పెట్టె పోయింది. పోతే పోయింది. నీ పుస్తకం తియ్యి. ముందుకొచ్చి కూర్చో, ఇంటికి పోదాం."

ఆ మాట కోసమే కదా ఇదంతా. అయినా ఆయన ముఖంలోకి చూడలేకపోయాను. ముందు కన్నం మూద్దామని రెయిన్‌కోటూ తాడూ పట్టుకుని నిచ్చెన ఎక్కాను. రెండు ముళ్ళు వేశానో లేదో కింద నుంచి వదిన గొంతు వినబడింది. ఎక్కడున్నామో చూద్దామని నీలం పుస్తకం తీసింది. చదవడం ఆవిడ వృత్తి. గట్టిగా, తడుముకోకుండా చదివింది.

"రైలు వంతెన, రెండు ఎనభై, మనకు పడుతుంది. తమ్ముడూ, ఇది గీత పెట్టి కొట్టేసింది. కింద ఎర్రసిరాతో రాసింది విను. ఏసీ పెట్టాక మన ఎత్తు రెండు తొంభై ఎనిమిది. ఇక పట్టదు. ఈ దారి వద్దు." పేజీ మూల చూసింది. "తారీఖు కూడా వేసింది. షాపుకి వెళ్ళడానికి రెండు నెలల ముందు."

నేను నిచ్చెన మీదే ఉండిపోయాను. ఆయన తల పైకెత్తారు.

"షాపులో ఎత్తు చెప్పింది నువ్వే కదూ?"

"కాగితంలో ఉన్నదే చెప్పానండీ."

"అతను కాగితం ఎత్తు అడిగాడా, బండి ఎత్తు అడిగాడా?"

"ఆపమన్నాను కదండీ! రెండుసార్లు అన్నాను!"

"ఎందుకు ఆపాలో చెప్పలేదు." ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "దిగు. వెనక కూర్చో."

ఇల్లు రెండు రోజుల దూరం. వదిన నుదుటికి తడిగుడ్డ కట్టుకుని, నా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. నేను గిన్నెల మధ్య కూర్చున్నాను. నెత్తి మీద రెయిన్‌కోటు టపటపా కొట్టుకుంటోంది.

"ఇప్పుడెటు?" అన్నారు ఆయన. రెండు నిమిషాలకోసారి అన్నారు.

"మూడో కూడలిలో కుడికి. పసుపు బంకు కనబడాలి" అని వదిన చదివింది. పసుపు బంకు కనబడింది. "స్కూలు గోడ వెంట ఎడమకి." స్కూలు గోడ వచ్చింది. ఒక్క మలుపూ తప్పిపోలేదు. అంత బాగా రాశాను నేను. ఎవరు చదివినా దారి దొరికేలా రాశాను.

సాయంత్రానికి వదినకు హుషారొచ్చింది. అంచుల్లో సన్నక్షరాలు కూడా కనబడ్డాయి.

"ఇక్కడ బండాపి టీ తాగాం. నువ్వు లేకపోతే నేను సగం దారిలోనే ఉండిపోయేవాణ్ణి అన్నారు." వదిన కిసుక్కున నవ్వింది. "ఒరేయ్, ఇలా అన్నావట్రా నువ్వు?"

ఆయన అద్దంలోకి చూశారు. ఆ అద్దంలో వెనక కూర్చున్న నేనే కనబడతాను. ఆయన కళ్ళలోకి చూశాను. ఆయన చూపు తిప్పేసి గేరు మార్చారు.

"దారి వరకే చదువక్కా" అన్నారు. "మిగతాది మనకక్కర్లేదు."

వదిన అంచు మీద బొటనవేలు పెట్టి మూసి, తర్వాతి మలుపు చదివింది.