వెయ్యి నంబరు రాయి

ఆదివారం పొద్దున్నే యాపిల్ కోసుకుందామని అద్దాలాయన తన భార్య కత్తి తీశాడు. అది పండు మీద జర్రున జారింది. ఒళ్ళు బరువంతా మోపితే తప్ప లోపలికి దిగలేదు. ఆయన పండు సంగతి మరిచిపోయి కత్తినే చూస్తూ నిలబడ్డాడు.

స్కూలు క్యాంటీన్లో ఇరవై రెండేళ్ళుగా కూరగాయలు తరుగుతున్న ఆయన భార్య రోజూ బట్టలో చుట్టి తీసుకెళ్ళే కత్తి అది. ఆర్నెల్లుగా ఆవిడ చేతిలో సత్తువ పోయిందంటోంది. గంట పని రెండు గంటలవుతోంది, మణికట్టు లాగేస్తోంది. రేపు వెళ్ళగానే ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేయాలని తీర్మానించుకుంది. ఇష్టమై కాదు, ఆ పిల్లల గోల చెవిన పడకపోతే ఆవిడకు రోజు గడవదు.

"ఏమోయ్, పోయింది నీ సత్తువ కాదు, దీని పదును!" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు అద్దాలాయన.

"నన్ను ఓదార్చడానికి కత్తి మీద నెపం పెట్టకండి. వారానికోసారి పింగాణీ కప్పు అడుగున రుద్దుతూనే ఉన్నాను."

"సాన పట్టేవాడు మన వీధికి రావడం మానేసి ఎన్నాళ్ళయింది?"

ఆవిడ లెక్క వేసుకుంది. "ఏడాది దాటిందేమో."

అంతే, ఆయన కాళ్ళు ఇంట్లో నిలవలేదు.

ఇనప సామాన్ల కొట్టు ఓనరమ్మ ఆయన ఉత్సాహం చూసి నవ్వుకుంటూ ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. "ఇది కరెంటుది. చెయ్యి తిరగని వాళ్ళు పడితే సగం కత్తిని తినేస్తుంది. ఇది రెండు చక్రాల మధ్య లాగేది. తేలికే కానీ అంచును గీరి పాడుచేస్తుంది. ఈ కడ్డీ ఉన్న పదునును నిలబెడుతుందిగానీ పోయినదాన్ని తేలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి వెయ్యి నంబరు సానరాయి ఒక్కటి చాలు. నంబరు పెరిగేకొద్దీ రాయి నునుపు. రాయి కదలకుండా కింద తడిగుడ్డ వేసుకోండి."

అద్దాలాయన చూపు మాత్రం పక్కనున్న తెల్లరాయి మీద ఉంది. ఆరు వేల నంబరు. వేలితో తడిమితే పట్టులా జారుతోంది. కళ్ళజోళ్ళ దుకాణంలో ముప్ఫై ఏళ్ళు అద్దాలు అరగదీసి మెరుగుపెట్టిన మనిషి, నునుపు కనిపిస్తే ఊరుకుంటాడా?

"నేను కొత్తవాణ్ణి కాదమ్మా, ఇదే ఇవ్వండి."

"మీ ఇష్టం, అన్నయ్యగారూ."

గంటసేపు చెమటలు కక్కుతూ నూరాడు. కత్తి ఎలా మెరిసిందంటే, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు! భార్య టమాటా మీద పెట్టి లాగింది. టమాటా సొట్టపడింది, తెగలేదు.

"బాగుంది. గోడకి తగిలించుకుందాం" అందావిడ. తర్వాత గొంతు తగ్గింది. "పోనీలెండి. చెప్పానుగా, లోపం నా చేతిదేనని."

ఆ మాట ఆయనకు చురుక్కుమని తగిలింది. పైకి నవ్వినా ఆవిడ కూడా ఎంతో ఆశ పెట్టుకుందని అప్పుడు తెలిసింది. ఆ వెంటనే నాలుక కరుచుకున్నాడు. అద్దమైనా ముందు గరుకు రాయి మీద ఆకారానికి తెచ్చాకే కదా మెరుగుపెట్టేది! పనిలో చేరిన మొదటి రోజు నేర్చుకున్న పాఠం. మొద్దు అంచును మొద్దుగానే ఉంచి మెరిపించాడు, ఇంత అనుభవం పెట్టుకుని!

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తాడు. ఆదివారం కొట్టు మధ్యాహ్నానికే మూసేస్తారు. షట్టరు అప్పుడే సగం దిగింది.

"వెయ్యి నంబరు!" అని దాని కిందికి వంగి అరిచాడు.

కాగితంలో చుట్టిన రాయి లోపలి నుంచి బయటికి వచ్చింది. "మీరొస్తారని తీసే ఉంచాను" అంది ఓనరమ్మ.

ఈసారి ఆయన తొందరపడలేదు. బుడగలు ఆగేదాకా రాయిని నీళ్ళలో నానబెట్టాడు. కత్తి వీపు కింద రెండు నాణేలు పట్టేంత ఎత్తు చూసుకుని, ఆ ఎత్తు మారకుండా నూరాడు. కొంతసేపటికి అంచు రెండో వైపు వేలికి సన్నగా గరుకు తగిలింది.

"వచ్చింది! ఇటువైపు చివరిదాకా అరిగి అంచు అటు మడత పడిందోయ్! ఇక తిప్పి నూరడమే!" చిన్నపిల్లాడిలా గంతులేస్తున్నాడు. పొయ్యి దగ్గరున్న భార్య కూడా పని వదిలేసి వచ్చి ఆయన భుజం మీంచి తొంగి చూసింది.

తిప్పి నూరాడు, కడిగాడు, తుడిచి ఆవిడ చేతికిచ్చాడు. టమాటా మీద ఆవిడ కత్తి పెట్టిందంతే, నొక్కకుండానే కింది చెక్క పలక దాకా దిగిపోయింది. ఇంకో టమాటా. ఇంకోటి. ఉల్లిపాయ. క్యారెట్. టకటకమని ఆ పాత వేగం మళ్ళీ వచ్చేసింది. ఆనందం పట్టలేక అద్దాలాయన చప్పట్లు కొట్టాడు.

ఆవిడ కత్తి కింద పెట్టి తన కుడిచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఆర్నెల్లుగా దీన్ని ఎంత తిట్టానండీ!" అంటూ ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వేసింది. కొంగుతో మొహం తుడుచుకుని ఆయన్ని పక్కకు జరిపి రాయి ముందు నిలబడింది.

"ముందు నాకు నేర్పండి. పొద్దున ఈ రాయి నేను తీసుకెళ్ళాలి. అక్కడ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు తమ చేతుల్నే తిట్టుకుంటున్నారు."