పెరుగన్నం తర్వాత పాస్తా

నేను ఒక జంతికల గొట్టాన్ని. ఇత్తడి ఒళ్ళు, అడుగున చిల్లుల బిళ్ళ, నెత్తిన మర తిప్పే పిడి. కాకినాడలో నన్ను ఎరగనివాళ్ళు ఉండొచ్చు గానీ, సూర్యారావుగారి టిఫిన్ హోటల్లో నా జంతిక కొరకనివాళ్ళు మా వీధిలో లేరు. మనుషులు పిండిని మెచ్చుకుంటారు, నూనెని మెచ్చుకుంటారు, ఉప్పుని కూడా మెచ్చుకుంటారు. గొట్టాన్ని మెచ్చుకున్నవాడు నాకింతవరకూ తగల్లేదు. ఫర్వాలేదు, నా సంగతి నాకు తెలుసు.

నేను పుట్టింది అజ్జరంలో. అక్కడి కంచరి నా మరని ఎంత బిగువుగా కోశాడంటే, తిప్పినప్పుడల్లా కీచుమని అరిచేదాన్ని. ఆ చప్పుడు వినగానే హోటల్లో జనం చొక్కా చేతులు మడుచుకుని సర్దుకుని కూర్చునేవారు. సూర్యారావుగారు పోయాక హోటల్ మూతపడింది. వీధివైపు హాలు పెద్దకొడుకు వీరభద్రరావు వాటాకి వచ్చింది. నేను చిన్నకోడలు వర్ధనమ్మ అటకెక్కాను. ఆవిడ నన్ను పాత ఇత్తడి సామానుతో కలిపి గోనెసంచిలో కట్టేసింది. స్టీలు సామాన్లవాడు వస్తే నన్నిచ్చి ఇడ్లీపాత్ర తీసుకోవాలని ఆవిడ ప్లాను.

వాడికంటే ముందు మందాకిని వచ్చింది. వర్ధనమ్మ కూతురు. షిప్పుల్లో వంట చేసి, ఒక వెనిస్ వంటవాడి దగ్గర చెయ్యి తిరిగి, ఇక నేలమీదే బతుకుతానని దిగిపోయింది. తాతగారి హాల్లో ఇటాలియన్ భోజనం హోటల్ పెట్టాలని ఆమె కోరిక. పెదనాన్న ఆ హాలు సెల్‌ఫోన్ల షాపుకి ఇవ్వడానికి మాటిచ్చేసేలా ఉన్నాడు. సోమవారమే అగ్రిమెంటు.

“ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోంచెయ్యండి పెదనాన్నా. లేచాక మీరేం చెప్తే అదే,” అంది మందాకిని.

ఆ మాట మీద నా కట్టు విప్పారు. మందాకిని నన్ను రెండు చేతుల్తో తిప్పి చూసింది. “వెనిస్‌లో సరిగ్గా ఇలాంటి గొట్టంతోనే లావుపాటి పాస్తా వత్తుతారమ్మా. బిగోలి అంటారు,” అంది. నన్ను చింతపండుతో తోమింది. మరకి నూనె వేసింది. నా కీచుగొంతు పోయింది. అదే కొంప ముంచుతుందని అప్పుడు నాకూ తెలీదు.

“జంతికల గొట్టంలో కోడిగుడ్డు పిండేంటే! మీ తాతగారు చూస్తే ఏమనుకుంటారు?” అంది వర్ధనమ్మ.

“జంతికలు చాలా సన్నగా ఉన్నాయనుకుంటారు.”

ఆదివారం వచ్చింది. వీరభద్రరావు, ఆయన భార్య కామేశ్వరి వర్ధనమ్మ ఇంటి ముందుగదిలో కూర్చున్నారు. ఇటాలియన్ భోజనం ఒక్కసారి వడ్డించరు, విడతలు విడతలుగా వస్తుంది. మొదటి విడత వెళ్ళింది. కాల్చిన రొట్టెమీద టమాటా, నూనెలో వేయించిన వంకాయ, ఆలివ్ కాయలు. అన్నీ రెండేసి ముక్కలు. ప్లేట్లు తుడిచినట్టు ఖాళీ అయ్యాయి.

వంటింట్లో నా కడుపునిండా గోధుమపిండి. జంతికల పిండి వెన్నలా జారుతుంది, ఇది రబ్బరులా మొండికేసింది. మందాకిని ఒక చేత్తో నన్ను తిప్పుతూ, మరో చేత్తో ఉల్లిపాయలు, ఉప్పు నెత్తళ్ళు మగ్గిస్తోంది. నా నుంచి చప్పుడు లేదు.

ముందుగదిలో వర్ధనమ్మ వంటింటి గుమ్మం వైపే చూస్తోంది. చుట్టాల ముందు ఖాళీ ప్లేట్లు! బావగారు గోడమీద కేలెండరు చదువుతున్నారు. తోడికోడలు గాజులు సర్దుకుంటోంది. వర్ధనమ్మ చెవొగ్గి వింది. కీచుమన్న శబ్దం లేదు. మరకి నూనె వేసిన సంగతి ఆవిడకి తెలీదు. గొట్టం పట్టేసిందనీ, కూతురి పరువు పోతోందనీ ఆవిడ తేల్చేసుకుంది. వెంటనే ఆ తల్లి అన్నం గిన్నె, పెరుగు గిన్నెలతో రంగంలోకి దిగింది.

“వేసుకోండి బావగారూ. మీగడ పెరుగు. అక్కయ్యా, మాగాయ వేసుకో.”

“హమ్మయ్య,” అంది కామేశ్వరి. “ఆ రొట్టెముక్కలే భోజనమేమోనని హడిలిపోయాను వర్ధనం!”

మందాకిని పాస్తా పళ్ళెంతో గుమ్మం దాటేసరికి ఇద్దరూ చేతులు కడిగేసుకున్నారు. వీరభద్రరావు నోట్లో వక్కపొడి. పెరుగన్నం తిన్నవాడికి మళ్ళీ వడ్డించడం మా ఊళ్ళో ఎవరివల్లా కాదు.

“బాగుందమ్మాయ్, తేలిగ్గా ఉంది,” అన్నాడాయన ఫోన్ తీస్తూ. “కానీ దీంతో హోటల్ నడవదు.”

“పిల్ల చిన్నబుచ్చుకుంటుందని పెట్టానే...” వర్ధనమ్మ పెరుగు గిన్నె మీద మూత పెట్టేసింది.

మందాకిని వెనక్కి తిరిగింది. పళ్ళెం లోపల పెట్టేసింది. సగం పిండితో ఉన్న నన్ను ఎత్తుకొచ్చి పెదనాన్న ముందు స్టూలుమీద పెట్టింది.

“పెదనాన్నా, ఇది నాకు తిరగట్లేదు. తాతగారి హోటల్లో మీరేగా తిప్పేవారు. ఒక్కసారి చెయ్యి వెయ్యండి.”

ఆయన నన్ను చూశాడు. చూసి, ఫోన్ భార్య చేతికిచ్చాడు. చొక్కా చేతులు మడిచాడు. మీసాలు మొలుస్తున్న వయసులో నన్ను తిప్పిన చేతులవి, నేను మర్చిపోతానా? ఒక్క పట్టు పట్టాడు. బిగుసుకున్న పిండి దారాలుగా దిగింది. నూనె అంతా పిండికి అంటుకుపోయిందేమో, నా గొంతు తిరిగొచ్చింది. కీచుమన్నాను.

“ఆఁ! ఇదీ దీని గొంతు!” అన్నాడు వీరభద్రరావు.

ఇక ఆయన కదల్లేదు. గొట్టం తిప్పినవాడు వాయి రుచి చూడకుండా లేవడు. అది వాళ్ళ నాన్న పెట్టిన రివాజు. పాస్తా ఉడికేదాకా పొయ్యి దగ్గర కాపలా కాశాడు. “ఉప్పు చూడాలి కదా,” అని ఒక పోగు తిన్నాడు. “నెత్తళ్ళు బాగా పట్టాయో లేదో,” అని ఇంకో నాలుగు. తర్వాత కారణాలు వెతకడం మానేసి ప్లేటు పట్టుకున్నాడు.

“ఇప్పుడేగా పెరుగన్నం తిన్నారు!” అంది కామేశ్వరి.

“అది భోజనం. ఇది సాయంత్రం టిఫిను. నువ్వూ ప్లేటు తెచ్చుకో.”

కబుర్లయ్యాక నిమ్మరసం పిండిన వంజరం చేప వచ్చింది. ఆకుకూర సలాడ్ వచ్చింది. కాఫీలో ముంచిన బిస్కెట్ల మిఠాయి వచ్చేసరికి వీధిలో దీపాలు వెలిగాయి.

“ఇంతసేపు కూర్చుని తింటారా ఇటలీవాళ్ళు?” అడిగాడు పెదనాన్న.

“ఇంతే పెదనాన్నా. తినడం తక్కువ, కూర్చోవడం ఎక్కువ.”

ఆయన భార్య చేతిలోంచి ఫోన్ తీసుకుని షాపువాడికి వేరే చోటు చూసుకోమని చెప్పేశాడు. హాలు తాళంచెవి నా పక్కన పెట్టాడు. “ఒక్క షరతు. ఆఖర్న పెరుగన్నం ఉండాలి.”

స్టీలు సామాన్లవాడు వచ్చి, నేను లేని గోనెసంచి చూసి వెళ్ళాడు. ఇప్పుడు హాల్లో వంటింటి గుమ్మం పక్కనే నా పీట. వర్ధనమ్మ వడ్డన చూస్తుంది. ప్లేట్లు ఖాళీ అయితే ఆవిడ చెయ్యి ఇవాళ్టికీ పెరుగు గిన్నె మీదికే వెళ్తుంది. అప్పుడు గుమ్మం పక్కనించి నేను కీచుమంటాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంటుంది.

నా మరకి నూనె వెయ్యకూడదని మందాకిని అందరికీ గట్టిగా చెప్పింది.