తెల్లటి ఊట

నేను కట్టు విప్పుతుంటే భార్గవ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మార్చిలో, ఈ దేశంలో మేముండే టార్నీట్ రైలు స్టేషన్ దగ్గర సైకిల్ మీంచి పడి మోకాలి కింద ఎముక విరిగింది. అతికించారు గానీ లోపల చీము పట్టింది. మూడు నెలలు మాత్రలు వాడినా తగ్గకపోతే, వారం కిందట మళ్ళీ కోసి, పాడైన ఎముక గీకేసి, ఆ గుంటలో మందు కలిపిన గుళికలు నింపారు. కట్టు మార్చడం, స్నానం చేయించడం, మీటింగుకి లాప్‌టాప్ ఒళ్ళో పెట్టడం, పాపని స్కూల్లో దింపి పరుగున రావడం, అన్నీ నావే. "నువ్వు ఇంట్లోనే ఉంటావు కాబట్టి సరిపోయింది" అంటాడు, మంచి మనసుతోనే.

కట్టు తడిసిపోయింది. పాలు కలిపిన నీళ్ళలా తెల్లగా ఊరుతోంది.

"చీము! మళ్ళీ వచ్చేసింది" అన్నాడు భార్గవ్. గుంటూరు నుంచి లాప్‌టాప్ వీడియో కాల్‌లో ఉన్న అత్తయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "చేతులు కడుక్కునే కడుతున్నావా నీలిమా?" అన్నారు.

వంగి వాసన చూశాను. ఏమీ లేదు. చుట్టూ ఎరుపు లేదు, వేడి లేదు, జ్వరమూ లేదు.

"చీము కాదు. లోపల పెట్టిన గుళికలు కరుగుతున్నాయి. కొన్నాళ్ళు ఇలాగే ఊరుతుంది."

"గూగుల్లో చూశావా?" అన్నాడు.

గూగుల్లో కాదు. పన్నెండేళ్ళ కిందట, గుంటూరు ఫార్మసీ కాలేజీలో కిటికీ పక్కనున్న నా బల్ల మీద చూశాను. తెల్లటి పొడిలో యాంటీబయాటిక్ కలిపి, బఠాణీగింజంత గుళికలు పోసి, ఉప్పునీళ్ళలో వేసి ఒంటి వేడిలో ఉంచేదాన్ని. రోజూ ఆ నీళ్ళలోంచి ఒక చుక్క తీసి, క్రిములు పెంచిన పళ్ళెంలో వేస్తే, ఆ చుక్క చుట్టూ క్రిములు చచ్చి తేటగా వలయం ఏర్పడేది. "మింగిన మందు చచ్చిన ఎముకలోకి సరిగ్గా చేరదే అమ్మాయ్. మందునే తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టాలి. అది కరిగిన చోట కొత్త ఎముక పుట్టాలి" అనేవారు మా గైడ్ జయశ్రీ మేడమ్, సోంపు నములుతూ. ఇరవయ్యో రోజున కూడా వలయం కనిపిస్తే, మందు ఇంకా వస్తోందని ఇద్దరం చిన్నపిల్లల్లా అరిచాం. ఆ సాయంత్రం ఆవిడ తెప్పించిన మిరపకాయ బజ్జీల ఘాటు ఇప్పటికీ నాలుక మీద ఉంది. థీసిస్‌లో రెండు అధ్యాయాలు మిగిలుండగా పెళ్ళి. "అక్కడికెళ్ళాక రాసుకుంటుందిలే" అన్నారు మామయ్యగారు. వద్దని ఎవరూ అనలేదు. రాశావా అని కూడా ఎవరూ అడగలేదు.

ఆపరేషన్ ముందు సర్జన్ ఆ గుళికల గురించి చెబుతున్నప్పుడు, ఎన్నాళ్ళు మందు వదులుతాయని అడగబోయాను. "షీ ఈజ్ జస్ట్ వరీడ్" అని నవ్వాడు భార్గవ్. సర్జన్ నా భుజం తట్టాడు.

ఇప్పుడు భార్గవ్ ఆసుపత్రికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. వాసన ఉందా, ఎరుపు ఉందా, జ్వరం ఉందా అని నర్సు అడిగింది. అతనికి తెలియదు. నేనే చెప్పాను. గుళికలు కరుగుతున్నాయి, కొన్ని వారాలు మామూలే అందామె.

భార్గవ్ ముఖం తేటపడింది. "అమ్మా, ఏం ఫర్వాలేదంట. నర్సు చెప్పింది."

"హమ్మయ్య" అన్నారు అత్తయ్య.

కోపం రాలేదు. ఆ బల్ల మీద, ఆ కిటికీ మీద, గోళ్ళలో ఇరుక్కునే ఆ తెల్లపొడి మీద ఒక్కసారిగా పట్టరాని బెంగ వచ్చింది. అతని చేతిలోంచి ఫోన్ తీసుకుని, ఇంకా లైన్లోనే ఉన్న ఆ నర్సుని, కట్టు మార్చడానికి ఇంటికి నర్సుని పంపగలరా అని అడిగాను. సోమవారం నుంచి పంపుతామంది.

"నువ్వున్నావుగా, నర్సెందుకు?" అన్నాడు భార్గవ్.

"నాకు పనుంది."

కొత్త కట్టు కట్టి, చేతులు కడుక్కుని, పెరట్లోకి వెళ్ళి మేడమ్‌కి ఫోన్ చేశాను. గొంతు వెంటనే గుర్తుపట్టారు. "నీ నోటుపుస్తకాలు నా బీరువాలోనే ఉన్నాయే. పారెయ్యబుద్ధి కాలేదు" అన్నారు. ఇక్కడి యూనివర్సిటీలో చూపించడానికి, ఆ పని నేను చేశానని ఒక ఉత్తరం రాసివ్వమని అడిగాను.

"రాస్తాలే. ఇంతకీ అక్కడ ఏం చేస్తున్నావు?"

ఎవరు అడిగినా, పదకొండేళ్ళుగా ఏం లేదండీ, ఇంట్లోనే అంటూ వచ్చాను.

"పరిశోధన, మేడమ్" అన్నాను. "మధ్యలో కొంచెం ఆగింది."