మొదటి చిత్తు

రింగు పలకల మీద ఈదమ్మ పక్కకు దొర్లింది, లేచింది, మళ్లీ వెల్లకిలా పడింది. ఎక్కడ పడితే చప్పుడు బాగా లేస్తుందో, ఎక్కడ పడితే నడుము పట్టేస్తుందో ఆట మొదలుకాకముందే తెలుసుకోవాలి. సరుకు చూసుకోకుండా సంతకు పోయే వ్యాపారి ఉండడు. ఆమె సరుకు పడటం.

వెడల్పాటి భుజాలు, నలిగి ముద్దకట్టిన చెవులు, ఎడమ మోకాలికి పట్టీ. శ్రీపాల్ కుస్తీ కంపెనీలో ఆమె పేరు బిజిలీ రాణి. పేరులో మెరుపుంది గానీ గెలుపు లేదు. గెలిచే పిల్ల అరుణ గొప్పగా కనపడాలంటే గొప్పగా పడేవాళ్లు ఒకరు కావాలి. ఆ బేరానికి ఆమె తెలిసే ఒప్పుకుంది.

ఇవాళ ఆట ఇబ్రహీంపట్నంలో. ఔటర్ రింగు రోడ్డు పడ్డాక జొన్నచేలన్నీ ప్లాట్లయ్యాయి. కొనేవాళ్లను రప్పించడానికి వెంచరు వాళ్లు కుస్తీ పెట్టించారు. సాయంత్రపు ఎండలో సున్నం వేసిన హద్దురాళ్లు మేత మరిచి నిలబడ్డ కొంగల్లా ఉన్నాయి. చెరువు మీది నుంచి గాలి తోలినప్పుడల్లా అవి కదిలినట్టే అనిపించింది.

ఆ గాలికి చిన్నప్పుడు కుస్తీ నేర్చిన తాలీం గుర్తొచ్చింది. నూనె, పసుపు కలిపిన ఎర్రమట్టి. బాపు సాయన్న అక్కడ ఉస్తాదు. కొడుకులు లేక కాదు, చేతిలో పట్టుందని కూతురికి కుస్తీ నేర్పాడు. ఆయన లెక్క ఒక్కటే: వీపు నేలకంటితే చిత్తు, చిత్తయితే ఆట ముగిసినట్టే. ఈదమ్మ కంపెనీలో చేరిన రోజున, "గెలిచి ఇనాం తీస్కునేటోళ్లను జూసిన. ఓడి కూలి తీస్కునుడు గిప్పుడే జూస్తున్న" అని మాటలు బంద్ చేశాడు. ఇన్నేళ్లలో ఒక్క ఆటకూ రాలేదు.

పొద్దున అమ్మ మైసమ్మ ఫోను చేసింది. "మీ బాపు ఇయ్యాల వస్తున్నడు బిడ్డా. గెలుస్తదా అని అడిగిండు. అవ్ అన్న."

ఈదమ్మ శ్రీపాల్ దగ్గరకు పోయింది. "అన్నా, ఇయ్యాల ఒక్కనాడు నన్ను గెలిపియ్యి."

"పాగల్ అయినవా? ఫ్లెక్సీల మీద అరుణ బొమ్మ ఉన్నది. గెలిచినామెతోనే రిబ్బను కట్ చేపిస్తరంట. నువ్వు పడు, మస్తుగ పడు."

అమ్మేది లేదన్న కొట్టు ముందు నిలబడి వాదించడం తెలివి కాదు. దొరికేది ఏముందో చూడాలి. ఈదమ్మ అరుణ జడ బిగించి అల్లుతూ ఆ పిల్ల చెవిలో అడిగింది.

"చెల్లే, గంట కొట్టంగనే ఒక్కసారి నాకు నీ వీపు ఇయ్యి."

"గంతేనా అక్కా? మన ఆటల పడ్డా మల్ల లేసి ఆడుడే గద. నా వీపేమన్న పట్టుచీరనా, తీస్కో!"

దీపాలు వెలిగే వేళకు బాపు ముందు వరసలో కూర్చున్నాడు. తలకు తెల్ల రుమాలు. గంట మోగింది. ఈదమ్మ అరుణ చెయ్యి భుజం మీదుగా లాగి పట్టింది. కాళ్ల కింద పలకలు మెత్తబడ్డాయి, ఎర్రమట్టి అయ్యాయి. లైట్ల వెలుగులో తాలీం దుమ్ము తేలింది. అరుణ గాలిలోకి లేచి, అక్కడే కాసేపు పడుకున్నట్టుండి, వెల్లకిలా పడింది.

"చిత్!" సాయన్న లేచి నిలబడ్డాడు. "ఖతం!"

"కూసో తాతా, అడ్డమొస్తున్నవ్. ఆట గిప్పుడే షురువైంది" అన్నారు వెనకనుంచి.

"షురువేందిరా? నా బిడ్డ చిత్ జేసింది. కండ్లు లేవా మీకు?"

ఆయన లెక్కలో ఇక చూడాల్సింది లేదు. రోడ్డు వైపు తిరిగి నడిచాడు. ఈదమ్మ పిలవలేదు. పిలిస్తే ఆగుతాడు. ఆగితే మిగతాది చూస్తాడు. అరుణ ఆమె మెడ పట్టి తిప్పుతుంటే, తాళ్ల సందులోంచి తెల్ల రుమాలు హద్దురాళ్ల మధ్య పోతూ కనిపించింది. ఏది రాయో, ఏది బాపో తెలియకుండా అయ్యేదాకా నిలదొక్కుకుంది. ఆ తర్వాత పడింది. అంత హాయిగా ఆమె ఎన్నడూ పడలేదు. జనం ఈలలు వేశారు, అరుణ చెయ్యి పైకి లేచింది.

జనం పోయాక కుర్చీలు ఎత్తుతున్నారు. ముందు వరసలో బాపు కూర్చున్న కుర్చీని మాత్రం ఎవరూ ముట్టలేదు. జాతరలో తొలి కుస్తీ గెలిచినవాళ్ల చేతిలో పెట్టే కొబ్బరికాయ, పీచు తీసి పిలక ఉంచి, ఇంటి దగ్గరే రాసిన పసుపు అప్పటికే ఎండిపోయి, దాని మీద ఉంది.