ఆరు తొండాలు

దుబ్బచెలకలో తాము విత్తిన ఆముదపు గెలలను దొర జీతగాళ్లు తెంపి బండ్లకెత్తుతుంటే, బిక్షమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఆమె పక్కన మాదిగవాడ మొత్తం నిలబడి ఉంది, నలభై గడపల జనం. కట్టెలు పట్టుకుని కాపలా కాస్తున్న దొర మనుషులు నలుగురే. అయినా ఒక్కరి కాలూ ముందుకు పడలేదు. సంగం పెద్ద రామచంద్రయ్య పంతులు అందరికీ అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు మరి.

"రాయి ఎత్తొద్దు. నేను దొరతోని మాట్లాడుత" అన్నాడు.

బండ్లు కదిలిపోయాయి. పంట పోగొట్టుకున్నవాళ్లు గొంతెత్తి పంతులుకు జై కొట్టారు. బిక్షమ్మ కూడా కొట్టింది. ఆ తర్వాత ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండిపోయేది.

రాళ్లు ఏరి, తుప్పలు నరికి ఆ చెలకను సాగులోకి తెచ్చింది వాళ్లే. రెండేళ్ల కింద దొర అది నాదన్నాడు. పంతులు దొర ఉండే గడికి పోయి వచ్చి, కోతలయ్యాక వదిలేస్తాడట అని చెప్పాడు. వదల్లేదు. నిరుడు తాసీలుకు అర్జీ పెట్టాడు. జవాబు లేదు. ఈ ఏడు పంటే పోయింది.

ఇక వాళ్ల దగ్గర మిగిలింది చేతిపని ఒక్కటే. దొర ఆరు బావుల కిందా యాసంగి వరి వేశాడు. మోట బొక్కెనకు తోలు తొండం కట్టాలి, నీళ్లు కాలువలో పడేది దాని నోట్లోంచే. తొండం చిరిగిందంటే ఎన్ని ఎద్దులున్నా మడి తడవదు. వాటిని కుట్టేది బిక్షమ్మ పెనిమిటి ఇస్రాయేలు, వాడలో ఇంకో నలుగురు. తాతల నాటి నుంచీ వెట్టికే కుట్టారు.

"చెలక ఇచ్చేదాక తొండం కుట్టేది లేదు" అని బిక్షమ్మే సంగంలో లేచి అన్నది. అందరూ సరేనన్నారు, పంతులూ సరేనన్నాడు. నెలన్నర తిరిగేసరికి ఆరు బావులూ ఆగిపోయాయి. పొట్టకొచ్చిన వరి ఎర్రబడింది. ఎన్నడూ పొలం మొహం చూడని దొర చెప్పులేసుకుని తనే మడి గట్టు మీదికి వచ్చాడని చెప్పుకుని వాడంతా కడుపుబ్బా నవ్వింది.

అప్పుడు దొర పంతులుకు కబురంపాడు.

గడి నుంచి పంతులు కుంటుకుంటూ వచ్చాడు. మూడేళ్ల కింద ఇక వెట్టి బరువులు మోసేది లేదని వాడ తిరగబడ్డ రోజున, పోలీసు లాఠీకి అడ్డం పోయి మోకాలు పోగొట్టుకున్నాడు. ప్రార్థన పాక ముందు జనం చేరారు.

"ఉగాదికి చెలక ఇడిసిపెడుతనన్నడు. సోమారం నాటికి ఆరు తొండాలు కుట్టియ్యాలె" అన్నాడు పంతులు.

"కాయితం రాసిచ్చిండా పంతులూ?" బిక్షమ్మ అడిగింది.

"మాట ఇచ్చిండు చెల్లె. కుర్చీల కూసోబెట్టి మాట్లాడిండు."

ముసలి కురుమయ్యకు కోపం వచ్చింది. "పంతులు చెప్పినంక ఇగ అడుగుడేందే?"

"నిరుడు గూడ చెప్పిండు గద మామా. ఆముందటేడు గూడ చెప్పిండు."

"గాయన లేకుంటే పోలీసు అమీనుతోని ఉర్దూల మాట్లాడేది నువ్వా? మన కోసం కాలు ఇరగ్గొట్టుకున్నడు. గాయన మాట కాదంటే మనకెవరున్నరు?"

అందరూ కురుమయ్య వైపే తల ఊపారు. తెల్లారి ఇస్రాయేలు తోలు నానబెట్టాడు. బిక్షమ్మ మూడు రోజులు పోట్లాడింది. మొగుడు తలెత్తకుండా కుడుతూనే ఉన్నాడు. చివరికి అత్త మైసమ్మ నోరు విప్పింది.

"నా చేతి నీళ్లు తాగిండే బిడ్డా. గీ గుడిసె ముంగట, నా చెంబుతోని. ఊరోళ్లు నాకు దూరంకెళ్లి దోసిట్ల పోసిన్రు గని, నా చేతి నీళ్లు ఎవ్వరు తాగలే. గాయన తాగిండు."

పంతులు ఆ నీళ్లు తాగిన రోజు బిక్షమ్మకూ గుర్తుంది. ఆ రోజు కొంగు అడ్డం పెట్టుకుని ఆమె కూడా ఏడ్చింది. కూలి పెంచినవాణ్ణి జనం మరిచిపోతారు. తమను మనిషిగా చూసినవాణ్ణి మరవలేరు, అతను దారి తప్పినా వెంటే నడుస్తారు. బిక్షమ్మ చేతకాని కోపమంతా అందుకే. తిట్టడానికి వాళ్లలో ఒక్క చెడ్డవాడూ లేడు.

సోమవారం పంతులు దొర బండిని వెంటబెట్టుకుని వచ్చాడు. బిక్షమ్మ పోయి తొండాల కుప్ప మీద కూర్చుంది.

"ఒక్కటడుగుత పంతులూ. సంగంల కలిసినంక దొర నిన్ను ఎన్నడన్న కూసోమన్నడా?"

పంతులు "లేదు. నిలవెట్టే మాట్లాడేటోడు" అన్నాడు.

"మొన్న కుర్చీ ఏసిండు. నువ్వు గాయన మాట కాదనలేకపోయినవ్. నువ్వు మా నీళ్లు తాగినవ్, మేం నీ మాట కాదనలేకపోతున్నం. మన చెలక గిట్లనే పాయె."

కురుమయ్య కసిరాడు. ఎవరో ఆమెను లేవమన్నారు. మైసమ్మ గుడిసెలోకి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. కోడలి తప్పు కాయమని అడుగుతుందనుకున్నారంతా.

"తాగు బిడ్డా. నువ్వు మా ఇంటోనివి. గది ఎన్నటికి మారది."

ఆయన తాగాడు. మైసమ్మ కొడుకు పని గంపలోంచి తోలు కోసే కత్తి తీసి, పైనున్న తొండాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చింది.

"తొండం మాత్రం పోదు" అన్నది.

ఇస్రాయేలు తన మూడు రోజుల పనిని చూసుకున్నాడు. తర్వాత తల్లి చేతిలోంచి కత్తి తీసుకుని రెండోది కోశాడు. మిగిలిన నాలుగింటిని మిగతా నలుగురూ కోశారు. బండి ఖాళీగా గడికి పోయింది.

మర్నాడు పొద్దున్నే అమీను జవాన్లతో వచ్చాడు. కుట్టే చేతులు అయిదు జతలనూ తాళ్లతో కట్టించి, దేవరకొండ ఠాణాకు తీసుకుపోవడానికి బండెక్కించాడు. పంతులు కుంటుతూనే ఉరికి వచ్చి ఉర్దూలో బతిమాలసాగాడు. జనం ముందుకు రాబోతుంటే, వెనక్కి చూడకుండానే చేతులు అడ్డంగా చాచాడు.

"ఆగుండి. మాట్లాడుతున్న."

జనం ఆగారు. మళ్లీ అదే ఆగడం. బిక్షమ్మకు ఏడుపొచ్చింది.

మైసమ్మ ఆ చాచిన చేతి కింది నుంచి వంగి పోయి, ఎద్దుల ముందు నేల మీద చతికిలబడింది. రెండోవాడు కురుమయ్య. ఆ వెనక బిక్షమ్మ, ఆమె వెనక వాడంతా. బాట నిండిపోయింది. అమీను పంతులు మీద కేకలేశాడు.

"లేవుండి" అన్నాడు పంతులు.

ఎవరూ లేవలేదు. మైసమ్మ కొంచెం పక్కకు జరిగింది.

"కాలు నొస్తది, వచ్చి కూసో బిడ్డా. నిలవడి మాట్లాడింది చాలు. గీడ జాగా ఉంది."

పంతులు అమీను వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఇంకా నిలబడే ఉన్నాడు. బండి మాత్రం కదలలేదు.