ముప్పయ్యో రోజున కరిచింది

వదిన శాస్త్రవేత్త. ఆడపడుచు అదే పరిశోధనశాలలో ఎలుకల గదిని చూసుకునే మనిషి. ఇంట్లో ఇద్దరిదీ ఉప్పూ నిప్పూ. ఎలుకల దగ్గర మాత్రం ఒకటే మాట.

గట్టి రేడియేషన్ తగిలితే ఎముకల్లోని మూలుగ దెబ్బతింటుంది, కొత్త రక్తం పుట్టదు, రెండు వారాల్లో ఎలుక పోతుంది. ఆరోగ్యమైన ఎలుక మూలుగలోంచి రక్తాన్ని పుట్టించే మూలకణాలను ఏరి, దెబ్బతిన్న ఒక్కో ఎలుకకు వెయ్యి ఎక్కిస్తే బతుకుతుందా? అదీ వదిన పట్టుదల. వెయ్యి కణాలంటే కంటికి కూడా ఆనవు. రెండుసార్లు ప్రయత్నించింది, ఒక్కటీ దక్కలేదు.

మూడోసారి రేడియేషన్ తగిలిన పది ఎలుకలకు ఎక్కించింది, పోల్చి చూడ్డానికి కొన్నింటిని ఎక్కించకుండా ఉంచింది. ఎక్కించనివి పన్నెండో రోజుకల్లా ఒక్కటీ మిగలలేదు. ఆడపడుచు ఆ పూట ముద్ద ముట్టలేదు. ఎక్కించినవి మాత్రం ముడుచుకుని, కొనప్రాణంతో రోజులు నెట్టుకొచ్చాయి.

ముప్పయ్యో రోజు ఉదయం రక్తపు చుక్క తీద్దామని ఆడపడుచు ఒకదాన్ని పట్టుకుంది. అది చేతి తొడుగు మీదనుంచే ఆమె వేలిని కసుక్కున కొరికి, చెంగున దూకి బల్ల కింద దూరింది.

"వదినా! కరిచింది!"

"అయ్యో, రక్తం వచ్చిందా?"

"నా వేలి సంగతి వదిలెయ్! మొన్న తలెత్తలేనిది ఇవాళ కరిచింది వదినా!"

వదిన కిసుక్కున నవ్వింది. ఇక ఆపుకోలేకపోయింది. ఇద్దరూ నవ్వుతూనే నేలమీద పాకారు. ఇంతలో గోల విని డైరెక్టరుగారు తలుపు తీశారు.

"తలుపెయ్యండి సార్!"

ఆయన వేశారు. ఎలుక ఆయన బూటు మీదుగా పరిగెత్తింది. పాతికేళ్లు ఎలుకల మీద పాఠాలు చెప్పిన మనిషి ఒక్క గెంతులో స్టూలెక్కారు.

"ఏ... ఏ గుంపుది?"

"ఎక్కించిన గుంపుది సార్."

"బతికే ఉందా?"

"బతకడమా? మనల్ని బతకనిస్తే చాలు!" అంటూ ఆడపడుచు చెత్తబుట్ట బోర్లించి దాన్ని పట్టేసింది.

మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. పదికి పదీ బతికాయి. పదింటి రక్తంలోనూ దాత ఎలుక కణాల గుర్తు కనిపించింది. ఆ కొత్త రక్తమంతా ఆ వెయ్యి కణాల సంతానమే. వదిన కాగితం చూసి ఆడపడుచును వాటేసుకుని నడవాలో గిర్రున తిప్పేసింది.

"వదినా, వెయ్యి ఎందుకు? ఐదొందలు చాలవా?"

"నీ నోటిమాట ఫలిస్తే, ఆ తర్వాత వందతో చూద్దాం!"

ఇద్దరూ మళ్లీ పడీపడీ నవ్వారు.