ఉప్పు చూసిన రోజు

గరిటెతో కూరను అడుగునుంచి కలిపి, రెండు చుక్కలు ఎడమ అరచేతిలో వేసుకుని నాకింది వంటామె. ఉప్పు చాలలేదు. గుప్పెడు తీసి గుండిగలో చల్లబోతుండగా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మింగేసింది!

ఆసుపత్రి వంటశాలలో ముప్పై ఏళ్ళుగా ఉప్పు చూస్తున్న చెయ్యి అది. ఇది ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలమని దానికేం తెలుసు? విభూది బుధవారం నుంచి పొద్దు గూకేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని ఒట్టు పెట్టుకుంది. అందుకే ఉప్పు చూసే పని కూరగాయలు తరిగే ఆమెకు అప్పగించింది. ఇరవై ఐదు రోజులు అంతా సాఫీగా సాగింది. ఇవాళ ఆమె ఉల్లిపాయల కోసం అలా గోదాంలోకి వెళ్ళింది, ఇక్కడ కొంప మునిగింది.

వంటామె తూము దగ్గరికి పరిగెత్తి నోరంతా పుక్కిలించి ఉమ్మింది. కడుపులోకి పోయింది పుక్కిలిస్తే తిరిగొస్తుందా? బియ్యం డబ్బా మీద కూలబడింది.

ఉల్లిపాయల బుట్టతో వచ్చిన ఆమె కంగారుపడింది. "ఏంటక్కా, మొహం అలా పాలిపోయింది? కళ్ళు తిరిగాయా?"

"ఏం లేదు. నీ పని చూసుకో."

ఉపవాసం సంగతి అందరికీ తెలుసు గానీ, దాని వెనకున్న మాట తనకీ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు. విభూది బుధవారానికి ముందురోజే పెద్ద డాక్టరు ఆమెను పక్కకు పిలిచి, "మీ ఆయన గుండె బాగా అలిసిపోయిందమ్మా, ఎన్నాళ్ళని చెప్పలేం" అన్నాడు. మర్నాడు నుదుట బూడిద పెట్టించుకుంటూ ఆమె లోపల్లోపలే మొక్కుకుంది. నలభై రోజులూ కడుపు మాడ్చుకుంటాను, ఆయన్ని నాకు ఉంచు స్వామీ, ఒక్కరోజు తప్పితే ఇక నీ ఇష్టం. ఆ చివరి ముక్క ఎందుకన్నట్టు! ఎవరడిగారు? లేని షరతు తనే తెచ్చి మెడకు చుట్టుకుంది.

ఆ పూటంతా చేతులు ఒకచోట, ప్రాణం ఇంకోచోట. గోడమీద ఫోను మోగితే చాలు, గరిటె వదిలేసి పరిగెత్తేది. రెండుసార్లు తనే ఇంటికి ఫోను చేసింది. ఆమె మొగుడు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. రెండోసారి నవ్వాడు.

"బండిలోనే ఉన్నానే బాబూ. నా స్టాపు ఇంకా రాలేదు."

ఆ వేళాకోళం వినలేక ఆమె ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం వంట దిగగానే మిగతా పని కూరగాయలామెకు అప్పగించి తిన్నగా గుడికి పోయింది. పాపాలు ఒప్పుకునే చోట, పాపసంకీర్తనం జాలీకి అవతల ముసలి ఫాదరు కూర్చుని ఉన్నాడు.

"తండ్రీ, ఉప్పు చూశాను."

"ఉప్పు చూడ్డం పాపమని నేనెక్కడా చదవలేదమ్మా."

అప్పుడు మొత్తం కక్కేసింది, ఏడుస్తూ, ముక్కు చీదుకుంటూ. ఫాదరు జాలీ దగ్గరికి వంగాడు.

"పిచ్చితల్లీ, నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని దేవుడు కాపలా కూర్చున్నాడనుకున్నావా? ఉపవాసంతో ఆయన చెయ్యి మెలిపెట్టలేం. మనం వదులుకున్న ముద్ద ఇంకొకరికి అందాలి, అందుకే ఈ నలభై రోజులు. మీ ఆయన ఎవరితో తింటున్నాడు?"

"పొద్దుండగానే ఒక్కరే తినేస్తారండీ. పక్కన కూర్చుంటే నోరూరుతుందని నేను వంటింట్లోనే ఉండిపోతాను."

"అయితే నీకు ప్రాయశ్చిత్తం ఇదే. ఇవాళ వెలుతురుండగానే ఆయన పక్కన కూర్చుని కడుపునిండా తిను."

ఊరట దొరుకుతుందని వెళ్ళిందా, భయం రెండింతలై బయటికొచ్చింది. చుక్క మింగినందుకే ఇంతలా వణుకుతుంటే, పళ్ళెం నిండా తినడమా! ఫాదరు మాట కాదంటే అదో పాపం. వింటే ఏమవుతుందో! ఇంటి మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగి, గోడ పట్టుకుని నిలబడింది.

మొగుడు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. "అప్పుడే వచ్చేశావేంటే? ఉద్యోగం ఊడిందా?"

ఆమె బదులివ్వకుండా అన్నం వండి రెండు పళ్ళేలు తెచ్చి పెట్టింది.

"చుట్టాలెవరైనా వస్తున్నారా?"

"నేనే."

ఆయన మొహం చేటంతయింది. "ఇన్నాళ్ళకు గుర్తొచ్చానన్నమాట! వంటింట్లో నువ్వూ ఇక్కడ నేనూ, గోడను చూస్తూ తింటున్నానే. ముద్ద దిగేది కాదు."

ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిసింది. సిగ్గుతో తల వంచుకుంది.

ఇంట్లో ఒక్కటే గుడ్డు ఉంటే ఉడకబెట్టింది. నేను కోస్తానంటూ ఆయన చెంచా లాక్కున్నాడు. చెయ్యి వణికి, పచ్చసొనంతా ఒక సగంలోనే ఉండిపోయింది. ఆ సగాన్ని ఆమె ఆయన పళ్ళెంలో వేసింది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆయన ఛాతీ వంకే చూస్తూ కూర్చుంది. పైకి లేచింది, కిందికి దిగింది. ఏమీ కాలేదు. రెండో ముద్ద పెట్టుకుంది. అప్పుడూ ఏమీ కాలేదు. అయిదో ముద్దకు ఇన్నాళ్ళ ఆకలి ఒక్కసారిగా మీద పడింది. గబగబా తింటుంటే ఆయన కళ్ళప్పగించి చూశాడు.

"మెల్లిగా తినవే. ఎవరూ లాక్కుపోరు."

అన్నంతసేపు పట్టలేదు, పొలమారింది. దగ్గుతూ లేచి లోపలికి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగింది. ఇంకో గ్లాసు నింపి తెచ్చింది.

ఆయన తల కిటికీ వైపు వాలి ఉంది.

"ఏమండీ, నీళ్ళు."

పలకలేదు.

"ఏమండీ!"

భుజం మీద చెయ్యి వేసింది. ఛాతీ వంక చూసింది. చాలాసేపు చూసింది.

తిన్నాను, అందుకే! ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన పెదవుల మీది నవ్వు ఇంకా పోలేదు. ఆమె ఆయన వేళ్ళకంటిన మెతుకులు కొంగుతో తుడిచింది. తర్వాత, ఎటు పోవాలో తెలియక, తన చోట్లోనే మళ్ళీ కూర్చుంది.

ఆమె పళ్ళెం అంచున, ఆయన ఎప్పుడు పెట్టాడో ఏమో, పచ్చసొనంతా ఉన్న ఆ సగం గుడ్డు ఉంది.